ముట్టుకోకూడని డిజైన్

పుంగనూరు. 2001 ఆగస్టు, గురువారం. ఉదయం పదకొండు గంటలు.

స్టూడియో కృష్ణప్పను డార్క్‌రూమ్ లోంచి నలుగురు మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. లోపల ఎర్ర బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ట్రేలో వేసిన పెళ్లి ఫోటో తీసేవాడు లేక పూర్తిగా నల్లబడిపోయింది. తడి చేత్తో స్విచ్చి పట్టుకున్నాడు, అజాగ్రత్త అని పోలీసులు రాసుకున్నారు. ఊరు కూడా అదే మాట అనుకుంది.

అది హత్య అని ఆ గుంపులో ఒక్కడికే తెలుసు. టూల్ బ్యాగు భుజాన వేసుకొని, చెప్పులు విడిచి గోడ పక్కన నిలబడ్డ కంప్యూటర్ రిపేరు మనిషికి.

అతని పేరు రెడ్డెప్ప. మదనపల్లి వాళ్లకు అతను ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మల్టీమీడియా పాఠాలు చెప్పే సారు. బెంగళూరులో పేరు లేని ఒక ఆఫీసుకు మాత్రం అతను ఏజెంట్ సయాన్. కృష్ణప్ప అతని ఇన్‌ఫార్మర్.

జనం పలచబడ్డాక రెడ్డెప్ప స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. 'పెళ్లి' అనే ఫోల్డర్‌లో ఒక ఫోటో. వధూవరులు తలంబ్రాలు పోసుకుంటున్నారు. జేబులోని ఫ్లాపీ తీసి, పేకాట ఆటలా కనబడే డీకోడర్‌ను నడిపాడు. ఫోటోలో దాగిన అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

'నన్ను గుర్తుపట్టారు. బుధవారం లోపల బయటికి తీసుకుపోండి. జాబితా శుక్రవారం కుప్పంలో రైలెక్కుతుంది. చీర డిజైన్‌లో ఉంది.'

రెడ్డెప్ప ఫైలు మీది తేదీ చూశాడు. ఈ ఫోటోను అతను సోమవారమే చూశాడు. ఇదే కుర్చీలో కూర్చొని.

నేరుగా మాట్లాడుకోకూడదన్నది రూలు. కృష్ణప్ప సందేశాన్ని ఫోటోలో దాచి కంప్యూటర్‌లో పెట్టాలి. రిపేరు పేరుతో వచ్చి రెడ్డెప్ప దాన్ని తీసుకుపోయి బెంగళూరుకు పంపాలి. స్టూడియోలో విప్పి చదవకూడదు. దాచే పద్ధతి చిన్నదే. తెర మీద ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఎరుపు రెండువందలు ఉన్నచోట రెండువందల ఒకటి చేస్తే ఏ కన్నూ కనిపెట్టలేదు. ఆ ఒక్క అంకె తేడాల్లోనే అక్షరాలు దాగుతాయి.

సోమవారం కృష్ణప్ప పెళ్లి ఫోటోలకని సదుం పోయి ఉన్నాడు. ఆ ఫోటో ఉన్న బిట్‌మ్యాప్ ఫైలు సైజు రెండుంబావు ఎంబీ దాటింది. ఫ్లాపీలో పట్టేది ఒకటిన్నరకు లోపు. రెడ్డెప్ప దగ్గర ఉన్నది ఒకే ఫ్లాపీ. బయట మదనపల్లి బస్సు హారన్ కొడుతోంది. ఫైలును జేపెగ్‌గా సేవ్ చేశాడు. సైజు పదో వంతుకు దిగింది. ఫోటో చూస్తే అదే ఫోటో.

కంటికి ఆనని తేడాలను పారేసి సైజు తగ్గించడమే జేపెగ్ పని. ఆ పారేసిన వాటిలోనే కృష్ణప్ప ప్రాణం ఉంది. బెంగళూరు ఆఫీసుకు ఆ ఫోటోలో ఒక్క అక్షరమూ దొరకలేదు. ఏమీ లేదనుకొని ఊరుకున్నారు. ప్రతి బ్యాచ్‌కూ మొదటి వారంలోనే రెడ్డెప్ప చెప్పే పాఠం అది. రోడ్డు దాటితే అంగడిలో ఫ్లాపీ పద్దెనిమిది రూపాయలు. ఫైలును రెండు ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లో తీసుకుపోయి ఉంటే, కృష్ణప్ప ఈ పూట బతికి ఉండేవాడు.

వాకిట్లో కృష్ణప్ప భార్య ఇందిరమ్మ స్తంభానికి ఆనుకొని కూర్చుని ఉంది. పోతూ ఉంటే ఆమె తల ఎత్తింది.

"కంప్యూటర్ బాగయిందాప్పా?"

"అయిందమ్మా."

ఇంకేదో చెప్పాలని గొంతు దాకా వచ్చింది. చెప్పులు తొడుక్కొని వచ్చేశాడు.

బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నుంచి బెంగళూరు నంబరు కలిపాడు.

"మెంతి రంగు నూలు ఉందా?"

"మెంతి లేదు. వంకాయ రంగు ఉంది." చీఫ్ గొంతు. "చెప్పు, సయాన్."

రెడ్డెప్ప రెండు వాక్యాల్లో చెప్పాడు. 

"ఆ జాబితాలో పదకొండు పేర్లున్నాయి. పరాయి దేశంలో మన కోసం పనిచేసేవాళ్లు. చిరునామాలతో సహా. అది సరిహద్దు దాటితే పదకొండు మందీ పోతారు."

"తీసుకుపోయేది ఎవరు?"

"డోర్న్. పట్టు కొనే వ్యాపారి వేషం. విదేశీ వాణిజ్య ప్రతినిధి హోదా ఉంది, ముట్టుకుంటే ఢిల్లీలో గొడవ. సరుకు మార్చు, మనిషిని వదిలెయ్. అనుమానం రాకూడదు."

"అతని వెంట తిరిగే కీర్తి సంగతి?"

"వాళ్ల ముఠాలో ఉన్న మన మనిషి. లేదా మనలో ఉన్న వాళ్ల మనిషి. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. వాళ్ల రూలు ఒకటి మాత్రం తెలుసు. ఎప్పుడూ ఒకే కాపీ. దాచాక అసలు కాగితం కాల్చేస్తారు."

"సార్, కృష్ణప్ప ఇంట్లో…"

"ప్రమాదం. అంతకుమించి తెలియకూడదు."

"తప్పు నాది సార్."

"రిపోర్టులో ఆ కాలమ్ లేదు," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నం మూడు గంటలకు రెడ్డెప్ప మదనపల్లి పక్కన నీరుగట్టువారిపల్లెలో ఉన్నాడు. వీధి పొడవునా మగ్గాల చప్పుడు. చీరల డిజైన్‌లు కంప్యూటర్‌లో వేసేవాళ్లు ఆ చుట్టుపక్కల కొందరున్నా, విదేశీ వ్యాపారులు అడిగే సీడీలు రాసే మిషన్ ఉన్నది వెంకటేశులు దగ్గరే. ఇరవై ఏళ్లు రంగుల తొట్లలో చేతులు ముంచి, ఆ తరువాత మౌస్ పట్టినవాడు. గోళ్ల చివర నీలం ఇంకా పోలేదు.

"రా సారూ, రా. మీ పిల్లకాయలకు ఏం నేర్పిస్తాండావు?" అన్నాడు వెంకటేశులు. "మొన్న ఒకడొచ్చి, ఎరుపూ ఆకుపచ్చా కలిపితే పసుపు వస్తాదంటాడు. మా తొట్టిలో కలిపి సూడ్రా, బురద వస్తాది అన్నాను."

"తెర మీద కలిసేది వెలుతురు వెంకటేశులన్నా. కలిపేకొద్దీ తెలుపుకు దగ్గరవుతుంది. తొట్టిలో కలిసేది రంగు. కలిపేకొద్దీ నలుపుకు దిగుతుంది."

"అట్ల చెప్పు. నేనేమో వాణ్ణి తిట్టి పంపించినా పాపం."

లోపలి నుంచి ఒక నవ్వు వినిపించింది. నెమలి కంఠం రంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఆ గదిలో ఎన్నడూ లేని సెంటు వాసన. కీర్తి. రెడ్డెప్పను చూసి ఎవరో తెలియనట్టే తల తిప్పుకుంది. ఏజెంట్‌గా అది పద్ధతే. శత్రువుగా కూడా అది పద్ధతే.

"వెంకటేశులు గారూ, మళ్లీ చెబుతున్నా. డోర్న్ సార్ డిజైన్‌లో ఒక్క చుక్క కూడా ముట్టుకోకూడదు. రేపు సీడీ రాసి, శాంపిల్ చీరతో పాటు మీరే కుప్పం స్టేషన్‌కు తీసుకురండి."

"అట్లే తల్లీ," అన్నాడు వెంకటేశులు. ఆమె కారు దాకా సాగనంపి, అట్నుంచి అటే కాఫీ చెప్పడానికి పోయాడు.

రెడ్డెప్పకు నాలుగు నిమిషాలు దొరికాయి. డిజైన్ తెరిచాడు. చీర ఒడలంతా వంకాయ రంగు, చుట్టూ మామిడి పిందెల అంచు. ఎంత దగ్గర నుంచి చూసినా వంకలేని రంగు. పెయింట్ ప్రోగ్రాంలో రంగు నింపే బకెట్ బొమ్మ పట్టుకొని వంకాయ రంగు మీద పసుపు పోశాడు. ఒకే రంగు అయితే ఒడలంతా పసుపుతో నిండాలి. నిండలేదు. ఆవగింజంత చుక్క పడి ఆగిపోయింది. ఇంకోచోట పోశాడు. ఇంకో ఆవగింజ. కంటికి ఒకటిగా కనబడే వంకాయ రంగు, అంకెల్లో ఒకటి కాదు.

జాబితా ఇక్కడుంది.

పోసిన రంగు వెనక్కి తీసి, ఫైలును రెండు ముక్కలు చేసి ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాడు. ఈసారి దారిలో డబ్బా కొనుక్కొని వచ్చాడు. పది ఫ్లాపీల డబ్బా. అది చేతికి తగిలినప్పుడల్లా సిగ్గనిపించింది.

ఫ్లాపీలు ఆ రాత్రే బెంగళూరు చేరాయి. ఆ డిజైన్‌లోని అక్షరాలు తుడిచేసి, అచ్చం అలాంటిదే ఇంకో సీడీ బెంగళూరు ఆఫీసు తయారుచేసింది. శుక్రవారం ఉదయం రైల్లో అది కుప్పం చేరింది.

కుప్పం స్టేషన్. మధ్యాహ్నం పన్నెండున్నర.

రెడ్డెప్ప ఎర్ర చొక్కా, తలకు తుండు, చేతికి ఇత్తడి బిళ్ల. పోర్టరు వేషం. చొక్కా లోపల మార్చాల్సిన సీడీ. మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్లు టీ స్టాలు దగ్గర బజ్జీలు తింటున్నారు. మద్రాసు పోయే రైలు ఇక్కడ ఆగేది రెండే నిమిషాలు. వెంకటేశులు సంచి అందుకొని మోసే నాలుగు అడుగుల్లో సీడీ మారిపోవాలి.

రైలు వచ్చి ఆగింది. ఏసీ బోగీ తలుపులో డోర్న్, తెల్ల సూటు, చంకలో ల్యాప్‌టాప్. ప్లాట్‌ఫారం మీద కీర్తి. మెట్లు దిగి చీర పెట్టెతో, సంచితో ఆయాసపడుతూ వెంకటేశులు. రెడ్డెప్ప తల వంచుకొని ఎదురెళ్లి చేయి చాచాడు.

వెంకటేశులు సంచి ఇవ్వలేదు. కళ్లు చిట్లించి చూశాడు.

"రెడ్డెప్ప సారూ, నువ్వా?"

స్టేషన్ సగం ఇటు తిరిగింది.

"ఇన్‌స్టిట్యూట్ మూసేసినారా? కష్టమొచ్చింటే నాకు చెప్పకూడదాప్పా? మూటలు మోసే గతి యాల పట్టింది నీకు? రేపటి నుంచి మా అంగడికి రా. నాకుండే దాంట్లోనే…" అంటూ అతని తల మీది తుండు లాగేశాడు.

రెడ్డెప్ప పక్కటెముకలకు గట్టిగా ఏదో తగిలింది. పట్టు సంచిలో పిస్తోలు.

"కదలకు, సయాన్," అంది కీర్తి మెల్లగా, నవ్వు చెదరకుండా. "ఇంత జనంలో గురి తప్పితే ఎవరికో తగులుతుంది. పాపం కదా."

"కృష్ణప్పను వాళ్లకు పట్టించింది నువ్వేనా?"

"అతను ముందే సందేశం పంపి ఉంటాడని రెండు రోజులు నాకు నిద్ర లేదు. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు."

ఆ మాట పిస్తోలు కన్నా లోతుగా దిగింది. ఆమె చాచిన చేతికి వెంకటేశులు సీడీ ఇచ్చాడు. ఆమె దాన్ని డోర్న్‌కు అందించింది. డోర్న్ ల్యాప్‌టాప్‌లో వేసి చూశాడు. వంకాయ రంగు, మామిడి పిందెలు. తృప్తిగా తల ఊపాడు. కూత వేసి రైలు కదిలింది. కీర్తి బోగీ కమ్మీ పట్టుకోబోయింది. డోర్న్ చిరునవ్వుతోనే లోపలి నుంచి తలుపు వేసుకున్నాడు. ఆమె ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ ఒక్క క్షణంలో బజ్జీలు వదిలేసి కానిస్టేబుళ్లు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

రెడ్డెప్ప రైలు వెంట పరిగెత్తాడు. ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆఖరి బోగీ మలుపు తిరిగింది. పదకొండు మంది. నిన్న ఒకడు, ఇప్పుడు పదకొండు మంది. అక్కడే కంకర రాళ్ల మీద కూలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి వెంకటేశులు కానిస్టేబుళ్ల ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఆయమ్మను వదిలిపెట్టండి సామీ. తప్పు నాది. ముట్టుకోవద్దని ఆయమ్మ రెండుసార్లు చెప్పింది. నేనే వినలేదు."

"ఏమిటన్నా నువ్వు ముట్టుకున్నది?" అన్నాడు రెడ్డెప్ప.

"డిజైనే సారూ. శాంపిల్ చీర నేసినప్పుడే తెలిసింది, ఒక్కో రంగుకు ఒక్కో నూలు కదా. చీరలో ఉండేది తొమ్మిది రంగులు. ఫైలు లెక్కబెట్టిస్తే డెబ్బై రెండు చూపిస్తాండాది. ఒకే వంకాయ రంగు ఎనిమిది రకాలుగా ఉండాది, అంతా చుక్కలు చుక్కలు. స్కానర్ మురికేమో అనుకున్నా. అట్ల పంపితే మదనపల్లి వాళ్లకు పని రాదనుకోరా? నిన్న మీరు పోయినాక కూర్చొని, డెబ్బై రెండునూ తొమ్మిదికి దించి, దాని మీదే సేవ్ చేసేసినా. ఆ సీడీలో ఉండేది అదే. అడక్కుండా చేసినా, నాదే తప్పు. నన్ను తీసుకుపోండి."

 కీర్తి కళ్లద్దాలు తీసి ఆ ముసలాయన నీలం గోళ్ల వంక చూసింది.

"అసలు కాగితం నేనే కాల్చాను," అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

రెడ్డెప్ప వెంకటేశులు జోడించిన చేతులను విడదీసి తన చేతుల్లోకి తీసుకున్నాడు. చేయని నేరాన్ని ఈ మనిషి పోలీసుల ముందు నిమిషంలో ఒప్పుకున్నాడు. తాను ఇందిరమ్మ వాకిట్లో చెప్పులు తొడుక్కొని వచ్చేశాడు.

చీఫ్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. పుంగనూరు పోవద్దని కూడా అన్నాడు. రెడ్డెప్ప మొదటి మాటకు థాంక్స్ చెప్పి, రెండోది వినబడనట్టు ఫోన్ పెట్టేశాడు.

ఇందిరమ్మ అంతా విన్నది. కృష్ణప్ప ఏం పని చేసేవాడో, ఏం రాసి పెట్టాడో, ఆ రాసింది ఎవరి చేతిలో చెరిగిపోయిందో. చాలాసేపు కొంగు అంచును వేళ్లతో సాగదీస్తూ కూర్చుంది.

"తడి చేత్తో స్విచ్చి తాకే మనిషి కాదప్పా ఆయన," అంది చివరికి. "ఊరంతా అజాగ్రత్త, అజాగ్రత్త అంటాంటే, కాదని చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేకపాయె. ఇప్పుడు తెలిసింది. అజాగ్రత్త ఆయనది కాదు."

"కాదమ్మా. నాది."

ఆమె అవునన్నట్టుగా తల ఊపింది. లేచిపొమ్మని మాత్రం అనలేదు. లోపలికి పోయి, మజ్జిగ గ్లాసు తెచ్చి అతని పక్కన పెట్టింది.

నెల తరువాత మదనపల్లికి విదేశీ స్టాంపుతో ఒక ఉత్తరం వచ్చింది. డిజైన్ రంగులు తమ అవసరానికి మించి శుభ్రంగా ఉన్నందువల్ల ఆర్డరు రద్దు చేస్తున్నామని అందులో ఉంది. వెంకటేశులు దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"ఇంక మీదట రవ్వంత మురికి ఉంచే పంపిద్దామా సారూ?"