కుడివైపు స్టీరింగ్

హిల్లెవి ఎడమవైపు తలుపు తీసి, కారులో కూర్చుని, చేతులు ముందుకు చాచింది. అక్కడ ఏమీ లేదు.

"స్టీరింగ్ ఏదీ?" అనేసింది.

"బిగుసుకుపోయిందని చెప్పాను. మాయమైపోయిందని చెప్పలేదు," అన్నాడు కొత్త పోస్ట్‌మన్, కిటికీలోంచి తొంగిచూస్తూ.

హిల్లెవి చెవులదాకా ఎర్రబడింది. స్వీడన్‌లో మామూలు కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉన్నా, ఉత్తరాది పల్లెల్లో టపా కారుకు మాత్రం కుడివైపే ఉంటుందని పసిపిల్లలకు కూడా తెలుసు. దారికి కుడిపక్కన నిలబెట్టిన పెట్టెల్లో కిటికీలోంచే ఉత్తరాలు వేసుకుంటూ పోవాలి కదా! గున్వోర్ అత్త షెడ్‌లో నాలుగేళ్లుగా మెకానిక్ పని చేస్తూ తను అడిగిన ప్రశ్న అది.

ఇదంతా జనవరిలో. ఇప్పుడు ఫిబ్రవరి చివర. ఆ పోస్ట్‌మన్, టోర్కెల్, కారు తీసుకురావడం ఇది నాలుగోసారి.

మొదటిసారి టైర్లలో గాలి తక్కువగా ఉందేమోనని చూసింది. రెండోసారి బెల్టు మార్చింది. మూడోసారి స్టీరింగ్ ఆయిల్ పాతదంతా తీసేసి కొత్తది పోసింది. ప్రతిసారీ షెడ్‌లో ఒక్క వేలితో తిరిగేది. మర్నాడు రోడ్డెక్కేసరికి మళ్లీ మొండికేసేది.

"ఎడమచేత్తో దీనితో కుస్తీ, కుడిచేత్తో ఉత్తరాలు. భుజం పీకేస్తోంది," అన్నాడు టోర్కెల్. "పట్నం ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఖాళీగా ఉందట. రేపు మధ్యాహ్నంలోగా చెప్పమన్నారు. ఒప్పుకుందామనుకుంటున్నా."

"అలాగా," అంది హిల్లెవి. రోజూ తొమ్మిదింటికి షెడ్ ముందునుంచి వెళ్లే ఆ పసుపు కారు ఇక రాదన్నమాట. చేతిలోని స్పానర్ ఏ నట్టుకు పట్టుకొచ్చిందో మర్చిపోయి నిలబడింది.

గున్వోర్ అత్త అటునుంచి అరిచింది. "బండి బయట మొరాయిస్తుంటే లోపల చూస్తావేమే? వెళ్లు, అతనితో తిరిగి చూడు."

"నేనా? ఇక్కడ పనుంది కదత్తా..."

"ఇక్కడికి నేను చాలు. బండి కరవదు. అతనూ కరవడు."

టోర్కెల్ నవ్వు దాచుకోవడానికి టోపీ సర్దుకున్నాడు.

సన్నగా మంచు పడుతోంది. ఎడమ సీట్లో హిల్లెవి ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. టోర్కెల్ ఒక్కడే మాట్లాడుతున్నాడు. ఏ ఇంటి కుక్క ఏ పత్రికను చింపుతుందో, ఏ ముసలమ్మ పెట్టెలో తనకోసం దాల్చినచెక్క బన్ను పెడుతుందో. ఇరవై నిమిషాలకు, పెద్ద మలుపు దగ్గర, అతని మోచెయ్యి ఒక్కసారిగా బిగిసింది.

"ఆపు," అంది హిల్లెవి.

"అమ్మయ్య, మాట వచ్చు!"

"ఇప్పుడు తిప్పు. నెమ్మదిగా. ఒక పూర్తి చుట్టు."

బిగిసింది, వదిలింది. మళ్లీ బిగిసింది, మళ్లీ వదిలింది. ఒక చుట్టులో సరిగ్గా రెండుసార్లు. ఆయిలు తప్పయితే చుట్టంతా ఒకేలా బరువుగా ఉండాలి. తప్పు స్టీరింగ్ కింది కడ్డీకి ఉండే కీలుది!

హిల్లెవి దిగి బానెట్ ఎత్తింది. కుడి చక్రం వెనకాల, ఆ కీలు మీది రబ్బరు తొడుగు చిరిగి వేలాడుతోంది.

"రోజూ పెట్టెలకు ఆనుకుని రోడ్డు అంచునే నడుపుతావు. ఉప్పు కలిసిన మంచు బురదంతా అక్కడే ఉంటుంది. ఈ కీల్లోకి చేరి తుప్పు పట్టించింది. పైగా గడ్డకట్టింది. మా షెడ్ వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ కరిగిపోయి, ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది."

"ఇంత మాట్లాడతావని తెలిస్తే రోజూ చెడగొట్టుకుని వచ్చేవాణ్ణి."

"వేడినీళ్లున్నాయా?"

"కాఫీ ఉంది."

"ఇలా ఇవ్వు."

"తాగడానికే కదా? హిల్లెవీ? ఏయ్!"

ఫ్లాస్కు మొత్తం కీలు మీద ఒంపేసింది. గుప్పున ఆవిరి లేచింది.

"తిప్పు."

స్టీరింగ్ గిర్రున తిరిగింది. టోర్కెల్ మాత్రం ఖాళీ ఫ్లాస్కునే చూస్తున్నాడు. "నా పొద్దుటి కాఫీ..."

"కారు తాగింది," అంది హిల్లెవి. తను హాస్యమాడిందని తనకే ఆశ్చర్యం వేసింది.

మళ్లీ గడ్డకట్టేలోపు షెడ్‌కు చేరారు. కారు హిల్లెవికి వదిలి, మిగిలిన టపా గున్వోర్ అత్త వ్యాన్‌లో పంచాడు టోర్కెల్, ప్రతి పెట్టె దగ్గరా దిగి ఎక్కుతూ. సాయంత్రానికి కొత్త కీలు, కొత్త తొడుగు అమరాయి. ఈసారి కారును షెడ్‌లో ఉంచలేదు. రాత్రంతా చలిలోనే వదిలేసింది.

తెల్లవారి చూస్తే, స్టీరింగ్ వెన్నలా తిరిగింది.

"ఒకసారి రోడ్డు మీద కూడా చూడాలి," అంది అత్తతో.

"చూడు, చూడు," అంది అత్త, తల ఎత్తకుండానే.

టోర్కెల్ రాగానే ఇద్దరూ బయల్దేరారు. ఇవాళ అతను కుక్కల ఊసూ బన్నుల ఊసూ ఎత్తకుండా ఉత్తరాలు వేసుకుంటూ పోతున్నాడు. ఈసారి అడగాల్సింది తనేనని హిల్లెవికి అర్థమైంది.

"పట్నానికి ఏం చెప్పావు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు. బండి బాగైంది. భుజం నొప్పి ఉండదు. కానీ నిన్న వ్యాన్‌లో తిరుగుతూ ఆలోచించాను. ఇక బండి చెడదు. నీ షెడ్‌కు రావడానికి నాకేం పని?"

ఇప్పుడు కూడా 'అలాగా' అని ఊరుకుంటే, మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది.

"వెళ్లకు," అంది హిల్లెవి. "నీ కారు తొమ్మిదింటికి కనబడకపోతే, ఆ రోజు నాకు నట్టేదో బోల్టేదో తెలియదు. పనుంటేనే రావాలా? ఊరికే రా."

టోర్కెల్ కారు పక్కకు ఆపాడు. ఫోన్ తీశాడు.

"నేనండీ, టోర్కెల్‌ని. ఆ ఉద్యోగానికి రావడం లేదు... అబ్బే, భుజానికేం, బ్రహ్మాండంగా ఉంది."

మళ్లీ బయల్దేరారు. అతను కుడిచేత్తోనే హాయిగా తిప్పుతున్నాడు. ఎడమచెయ్యి వచ్చి హిల్లెవి చేతిని అందుకుంది. ఆమె వేళ్ల నిండా గ్రీజు మరకలు. అతను పట్టించుకోలేదు.

"రెండు చేతులూ పనిలో పెట్టుకుంటే ఉత్తరాలు ఎవరు వేస్తారు?" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"పెట్టె దగ్గర వదులుతాలే."

"ఇంకా రెండొందల పెట్టెలున్నాయి."

"అంటే, రెండొందలసార్లు మళ్లీ పట్టుకోవచ్చు," అన్నాడు టోర్కెల్.