రాజీ మూల

“మా క్లాసులో ‘ఒరేయ్’లు లేవండీ. అందరూ ‘మీరు’లే!”

గున్‌సాన్ రేవు పక్కనున్న ఆ చిన్న బడిలో టీచరుగా చేరిన మొదటి రోజే నాకు పడ్డ చీవాట్లవి. వరండాలో పరుగెత్తుతున్న ఒక బుడతణ్ణి “ఒరేయ్, ఆగరా!” అన్నాను, అంతే. పక్క గదిలోంచి సోల్ మిన్‌జు టీచర్ ఊడిపడింది. మనిషి గోరంత, కోపం కొండంత.

“ఏడేళ్ళవాణ్ణి కూడా మీరు అనాలా?”

“మనం అంటేనే కదా వాళ్ళు నేర్చుకునేది! కొత్తగా వచ్చిన టాక్ గిహున్ గారు మీరేనా? ముందు ఆయనకి సారీ చెప్పండి.”

చెప్పాను. ఆ ‘ఆయన’ ముక్కు తుడుచుకుని, రెండు చేతులూ బొడ్డు మీద పెట్టుకుని, నడుం వంచి, “పరవాలేదండీ” అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఎంత బాగుండేవో ఆ రోజులు! ఆమె క్లాసు పిల్లలు పోట్లాడుకున్నా మర్యాదే.

“మీరు నా రబ్బరు కొట్టేశారండీ!”

“మీ మొహమండీ!”

తగువు ముదిరితే కిటికీ పక్కన రాజీ మూల ఉండేది. ఇద్దరూ అక్కడ చేతులు పట్టుకుని నిలబడి, ఎదుటివాళ్ళలో తమకు నచ్చినదేదో నిజంగా చెప్పాలి. చెప్పేదాకా చేతులు వదలకూడదు.

సాయంత్రం పిల్లలు వెళ్ళాక సోల్ టీచర్ నాకు తేనెలో ఊరేసిన యూజా నిమ్మకాయలతో టీ కలిపి ఇచ్చేది. నేను ఆటపట్టించేవాణ్ణి, ఆమె తిప్పికొట్టేది. రెండేళ్ళు అలాగే గడిపేశాను. ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాను, ప్రేమిస్తున్నానన్న ఒక్క ముక్క తప్ప.

చలికాలం సెలవులయ్యాక పిడుగులాంటి వార్త తెలిసింది. ఆమె సముద్రం మధ్యలో ఎక్కడో ఉన్న ఒక దీవిలోని బడికి బదిలీ అడిగిందట! అదీ బడి వంటావిడ నోట విన్నాను. అలిగాను. టీకి వెళ్ళడం మానేశాను. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? పలకరించడమే మానేసింది.

ఫిబ్రవరిలో, మా చదువుల ఏడాది ముగిసే ఆఖరి రోజు, భోజనాలయ్యాక, ఆమె క్లాసు పిల్ల యురిమ్ వచ్చి నా చొక్కా పట్టుకుంది.

“టాక్ టీచర్ గారూ, మీరూ మా టీచర్ గారూ మాట్లాడుకోవట్లేదు. రాజీ మూలకి పదండి.”

“అది పెద్దవాళ్ళకి కాదమ్మా.”

“రూలు అందరికీ ఒకటేనండీ!”

ఈడ్చుకెళ్ళి నిలబెట్టింది. క్లాసంతా చుట్టూ మూగింది. సోల్ టీచర్ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి.

“ఈవిడ టీ బాగా కలుపుతారు,” అన్నాను.

“మనసులోది చెప్పాలండీ!” యురిమ్ కసిరింది.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని భయం వేసింది.

“ఈవిడ పక్క గదిలో ఉంటే నాకు పొద్దున్నే బడికి పరుగెత్తుకు రావాలనిపిస్తుంది. ఈవిడ వెళ్ళిపోతే నేను ఉండలేను. ఈవిడంటే నాకు ప్రాణం.”

పిల్లలు గది ఎగిరిపోయేలా అరిచారు.

“టీచర్ గారూ, ఇప్పుడు మీ వంతు!”

ఆమె కళ్ళు నిండిపోయాయి. “నాకూ ఈయనంటే ఇష్టం. ఎదురుచూసీ చూసీ, ఈ మనిషి ఇక నోరు తెరవడులే అనుకునే బదిలీ అడిగాను.”

“ఇప్పుడు ఆపలేరా?” అడిగాను.

“ఆర్డరు వచ్చేసిందండీ. శనివారాలు పడవ ఉంటుంది. వస్తారా?”

“పడవ లేకపోతే ఈదుకుంటూ వస్తాను!”

ఆమె ఏడుపులోంచే పకపకా నవ్వింది.

“రాజీ అయిపోయింది,” యురిమ్ తీర్పు చెప్పేసింది. “ఇక చేతులు వదిలేయొచ్చండీ.”

మేమిద్దరం ఆ మాట వినిపించుకోలేదు.