ఇన్‌బాక్స్‌లో చోటు లేదు

పదకొండున్నరకి కంప్యూటర్ల మెకానిక్‌ను చంపేశారు.

సర్వర్ గదిలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మెడ చుట్టూ నెట్‌వర్క్ కేబుల్ మూడు చుట్లు తిరిగి చర్మంలోకి దిగిపోయింది. కుడిచేతి బొటనవేలు లేదు. దాన్ని ఎవరో కోసుకుపోయారు. ఆ వేలిముద్ర పడితే తప్ప ఆ ఆఫీసులో ఏ మెయిల్ బాక్సుకీ అదనపు జాగా ఇవ్వడం కుదరదు.

అక్క అతని కళ్ళు మూసింది. అంతకుమించి చేయడానికి టైము లేదు.

ఆ గూఢచారి డిపార్ట్‌మెంటులో కోడ్ పేర్లన్నీ చుట్టరికాలే. చీఫ్ బాబాయి. యాభై దాటిన ఈమె అక్క. పదకొండేళ్ళుగా గుమాస్తా వేషంలో శత్రువుల ముఠాలో ఉన్నవాడు తమ్ముడు. మిగతావన్నీ ఉత్తుత్తి వరసలు. ఈ ఒక్కటీ నిజం. అతను ఆమె తోడబుట్టినవాడే.

ఆమె గదిలో ఫోన్ మోగింది.

“గొడుగు తెచ్చుకున్నావా అమ్మా?” బాబాయి గొంతు.

“తెచ్చాను. చిల్లు పడింది.”

వాళ్ళ కోడ్‌లో చిల్లు అంటే ఇంటిదొంగ.

“విను. రేవులో ఓడ. మూడువేల మంది జనం. లోపల బాంబు. పన్నెండూ ఇరవైకి పేలుతుంది. జనాన్ని దింపితే ఇప్పుడే పేల్చేస్తారు. అదెక్కడుందో, ఏ వైరు కొయ్యాలో చూపించే ప్లాను తమ్ముడి చేతికి చిక్కింది. సరిగ్గా పన్నెండింటికి నీ బాక్సుకి పంపుతాడు. ఒక్కసారే.”

“బాక్సులో చోటు లేకపోతే?”

“మెయిల్ తిరుగుటపాలో వాడి మెషీన్‌కే పోతుంది. అక్కడ పదిమంది చూస్తుండగా గంట కొడుతుంది. ఆ తరవాత వాణ్ణి...”

“చెప్పకండి బాబాయ్.”

కంప్యూటర్ తెరిచింది. నిన్నటికి బాక్సు నిండింది తొంభై రెండు శాతం. ఇప్పుడు తొంభై తొమ్మిది. తెలియని మనుషుల దగ్గర్నుంచి వడగళ్ళలా మెయిళ్ళు పడుతున్నాయి. పిల్లి బొమ్మలు, సోఫాల కేటలాగులు, ఒక్కోటీ ఇరవై ఎంబీ. ఆ అడ్రసు తెలిసినవాళ్ళు ఈ ఆఫీసులో ముగ్గురే. బాబాయి, తను, తమ్ముడి రికార్డింగులను, వాడెవడో తెలియకుండానే, టైపు చేసే ట్రాన్స్‌లేటర్. ఆమెను అందరూ చిలక అంటారు. సినిమా పోస్టరులోంచి దిగివచ్చినట్టుంటుంది.

అక్క చెత్త మెయిళ్ళు తీసేయడం మొదలుపెట్టింది. పది తీస్తే పన్నెండు పడుతున్నాయి. చిల్లుపడవలో నీళ్ళు చెంబుతో తోడినట్టుంది. ఇలా లాభం లేదు. మెయిళ్ళన్నిటినీ సైజు వరసలో పేర్చింది.

అన్నిటికంటే పైన తమ్ముడి గొంతులు వచ్చి నిలబడ్డాయి.

చదివిన ఉత్తరం వెంటనే తీసెయ్యాలని రూలు. అక్క ఒక్కటీ తీసెయ్యలేదు. నెలకొక రికార్డింగు. పైకి గోడౌన్ సరుకుల లిస్టు, లోపల రహస్యం. మొదలుపెట్టే ముందు వాడు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పుడూ అంతే. అలాంటివి నూట ముప్పై రెండు. పన్నెండు జీబీ. కాపీ తీయడానికి వీల్లేకుండా ఆ బాక్సుకి తాళం వేసింది చచ్చిపోయిన మెకానిక్కే.

వెళ్ళేరోజు ప్లాట్‌ఫారం మీద వాడి చొక్కా గుండీ ఊడితే, “గుండీ కూడా చూసుకోలేనివాడివి, నువ్వేం గూఢచారివిరా!” అని తిట్టింది. రైలు కదిలింది. ఆఖరి మాట అదే అయింది.

పదకొండూ యాభై. అక్క అన్నిటినీ సెలెక్ట్ చేసింది.

వెనక తలుపు తెరుచుకుంది. సెంటు వాసన.

“ఇల్లు సర్దుతున్నావా అక్కా?” చిలక. ఎర్ర కోటు, చేతిలో లిప్‌స్టిక్.

“చుట్టాలొస్తున్నారు.”

“రారులే.”

లిప్‌స్టిక్ పేలింది. గుండు అక్క కుడి అరచేతిలోంచి దూసుకుపోయి బల్లలో దిగింది. అక్క అరవలేదు. ఎడమ చేత్తో స్టీలు ఫ్లాస్కు అందుకుని విసిరింది. చిలక ముక్కు చితికింది. ఆ సందులో డిలీట్ నొక్కింది. నూట ముప్పై రెండూ మాయమయ్యాయి.

తొంభై తొమ్మిది శాతం.

అంకె కదల్లేదు.

చిలక ఆమె మీదికి దూకింది. ఇద్దరూ కుర్చీతో సహా కూలారు. చిలక మోచేయి అక్క పక్కటెముకల్లో దిగింది. అక్క ఆమె జుట్టు పట్టి తలను సొరుగుకేసి కొట్టింది, ఒకసారి, రెండోసారి. పెదవి చీలింది. పళ్ళు రెండు నేల మీద దొర్లాయి. అయినా చిలక చేతి గడియారంలోంచి సన్నటి తీగ లాగి అక్క మెడకి బిగించింది.

ఊపిరి అందడం లేదు. కళ్ళ ముందు చీకట్లు. ఆ చీకట్లోంచి మెకానిక్ మాట వినిపించింది. వారానికోసారి ఆ మాట అనందే అతనికి తోచేది కాదు. “ఊడ్చి మూలకి నెడితే ఇల్లు శుభ్రమైనట్టు కాదమ్మా. బుట్ట బయట పారబొయ్యాలి.”

చెత్తబుట్ట! తీసేసినవన్నీ ఇంకా అందులోనే ఉన్నాయి.

అక్క మోకాళ్ళ మీద లేచింది, వీపున చిలకతో సహా. బల్ల అంచు పట్టుకుంది. రక్తం కారే చెయ్యి కీబోర్డు మీద ముద్రలు వేసింది. చెత్తబుట్ట తెరిచి, “ఖాళీ చెయ్యి” అని ఆజ్ఞ ఇచ్చింది. తెర అడిగింది: ఇవి శాశ్వతంగా పోతాయి. సరేనా?

చెవి దగ్గర చిలక వగర్చింది. “వాడెలాగూ చచ్చేవాడే. గొంతైనా మిగుల్చుకో అక్కా.”

అక్క వేలు ఆగింది. ఒక్క క్షణం. నూట ముప్పై రెండు రికార్డింగుల్లోనూ గొంతు సవరించుకున్న చప్పుడు.

“గొంతు నేనేం చేసుకోనే? మనిషి కావాలి నాకు.”

నొక్కింది.

తన కళ్ళజోడు ఊడబెరికి, దాని కాడ వెనక్కి పొడిచింది. కాడలోంచి విషపు సూది బయటికొచ్చి చిలక మెడలో దిగింది. తీగ వదులైంది. ఎర్ర కోటు నేల మీద రెండుసార్లు తన్నుకుని ఆగిపోయింది.

పదహారు శాతం. పదిహేడు. వడగళ్ళు పడుతూనే ఉన్నాయి. పడనీ, ఇప్పుడు చోటుంది. గడియారంలో పన్నెండు కొట్టింది.

మెయిల్ రాలేదు.

పన్నెండూ ఒకటి. రెండు. అక్క నేల మీద కూర్చుని చేతికి గుడ్డ చుట్టుకుంటూ తెరకేసి చూస్తూనే ఉంది. మూడు. పిల్లి బొమ్మ. నాలుగు. సోఫా.

తరవాత, “గోడౌన్ సరుకుల లిస్టు”.

ప్లాను రేవుకి చేరింది. బాంబు వంటగది వెనక, పిండి బస్తాల మధ్య దొరికింది. పన్నెండూ పందొమ్మిదిన్నరకి పచ్చ వైరు కోసినవాడు అక్కడే కూలబడి ఏడ్చాడట.

ముఠా స్థావరం మీద మనవాళ్ళు దాడి చేశారు. నలుగురు చచ్చారు, ఇద్దరు పారిపోయారు. గుమాస్తా సంగతి ఎవరికీ తెలియదు. అక్క ఆ రోజంతా ఫోన్ పక్కనే కూర్చుంది. మర్నాడు పొద్దున పదింటికి అది మోగింది.

ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

“అక్కా... గుండీ ఊడింది.”

“చొక్కాకేనా? ఇంకెక్కడా ఏమీ ఊడలేదుగా?”

“ఓ చెవి సగం పోయింది. గుండీయే ముందు కుట్టు.”

అక్క కట్టు కట్టిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వాడికి వినిపించకూడదని.

మధ్యాహ్నానికి బాబాయి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మెచ్చుకోలు రెండు ముక్కలు, మందలింపు నలభై పేజీలు, సైజు ముప్పై ఎంబీ. చదివిన ఉత్తరాలు దాచుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలి, ఇకమీద చదివిన ప్రతిదాన్నీ తక్షణం తీసెయ్యాలి.

అక్క వెంటనే రూలు పాటించింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది.