తెగిన జడ

కూతురి స్కూలు సంచిలో టిఫిన్ డబ్బా కోసం చెయ్యి పెట్టిన విగ్గులమ్మకు తెగిన జడ ఒకటి దొరికింది, రిబ్బను ముడితో సహా!

జబ్బు చేసి జుట్టు రాలిపోయిన ఆడవాళ్లకు విగ్గులు కట్టడం ఆమె పని. అందుకే వీధిలో ఆ పేరు. ఎందరి జుట్టో తాకిన ఆ చేతులు జడను తీసి కూతురి ముందు పెట్టాయి.

"ఎవరిదే ఇది?"

"నా ముందు బెంచీ అమ్మాయిది. నేనే కోశాను," అంది పదమూడేళ్ల కూతురు, చూపు తిప్పకుండా.

అప్పుడే లారీ దిగి వచ్చిన తండ్రి గుమ్మంలోనే అందుకున్నాడు. "స్కూలువాళ్లు ఫోన్ చేశారు. దీన్ని ఎక్కడో దూరంగా హాస్టల్లో పడేద్దాం."

"పడేసి రావడానికి అదేమన్నా మీ లారీలో సరుకా? కాసేపు ఊరుకోండి."

ఆమె కూతుర్ని కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని సూది చేతికిచ్చింది. "కోసింది నువ్వు. ఆ పిల్ల తలకి అతికేలా కట్టేదీ నువ్వే. కుదుళ్లన్నీ ఒకేవైపు పెట్టు. ఒక్క పాయ తిరగబడినా మొత్తం చిక్కుపడుతుంది."

పొద్దువాలింది. వేలికి సూది గుచ్చుకుని రక్తం వచ్చినా పిల్ల పని ఆపలేదు. చేతులు పనిలో పడ్డాక నోరు విప్పింది.

"'మీ అమ్మ చచ్చినవాళ్ల జుట్టు కుడుతుందంటగా' అని ఆ అమ్మాయి ముక్కు మూసుకునేది. నా పక్కన ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు..."

తల్లి ఆమె వేలి రక్తాన్ని కొంగుతో అద్దింది. "నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా తల్లీ?"

"ఏడుస్తూ ఇంటికి రాకూడదుగా అమ్మా."

"ఎవరన్నారలా?"

పిల్ల ఓరకంట తండ్రిని చూసి, మళ్లీ సూది అందుకుంది. తనను గెంటేద్దామన్న మనిషి పేరు కూడా చెప్పడం లేదు! ఆ మొండి ప్రేమకి తల్లి కళ్లు నిండాయి. "రేపు వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడుగుదాం. తిడితే ఇద్దరం పడదాం," అంది, కూతురి తల నిమురుతూ.

గోడకానుకుని నిలబడ్డ తండ్రి నెమ్మదిగా నేలమీద కూలబడ్డాడు.

"నేనే అన్నాను," అన్నాడు. "నాలుగేళ్లప్పుడు ఎవరో తోస్తే ఏడుస్తూ వచ్చింది. తిరిగి కొట్టొస్తేనే లోపలికి రానిస్తానని తలుపేశాను. కొట్టొచ్చింది. భుజాన ఎక్కించుకుని వీధంతా తిప్పాను... ఆ తర్వాత ప్రతిసారీ అంతే. నీకు చెప్పొద్దన్నాను. పెద్దదయ్యాక మాత్రం, ఆడపిల్లవి, ఎవరేమన్నా నోరెత్తొద్దన్నాను. కోసింది దాని చెయ్యే. నేర్పింది నేను. రేపు ఆ గుమ్మంలో మీకంటే ముందు నన్ను నిలబడనీ."