ఆషాఢంలో వచ్చిన బకెట్ సీట్లు

సర్వీస్ సెంటర్‌లో బోల్టులు విప్పి కారు సీటును పైకెత్తగానే మెకానిక్ ముఖం మారింది.

"ఇది బరువుంది సార్" అన్నాడు.

అసలు సీటయితే ఒక్క చేత్తో లేపొచ్చు. దాని పెంకు మొత్తం కార్బన్ ఫైబర్. వెనక్కి వాలదు. రేసు కారులో డ్రైవర్ అటూ ఇటూ జారకుండా నడుమునూ భుజాలనూ రెండు పక్కలా గట్టిగా పట్టి ఉంచుతుంది. బకెట్‌లో కూర్చున్నట్టే. ఇదేమో మామూలు ఫైబర్ పెంకు. పైన కార్బన్ నేత అచ్చేసిన స్టిక్కర్.

మెకానిక్ సీటు పక్క అంచును వేలితో నొక్కి చూశాడు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉండాలి. లేదు. డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు వెలగకుండా వైరు చివర చిన్న రెసిస్టర్ తగిలించారు. రెండో సీటు కూడా అంతే.

కారు ఓనర్ కుర్మయ్య అక్కడే ఉన్నాడు. గుండ్లపోచంపల్లి చుట్టుపక్కల వెంచర్లు వేసి పైకొచ్చిన మనిషి. పోలీసులకు ఫోన్ చేయలేదు. ముందు నేరుగా, మొన్న సీట్ల కుట్టుపనికి కారు ఉంచిన స్రవంతి షెడ్డుకు పోయాడు. గడపలో నిలబడి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని, తన కారు సీట్లు మార్చిన దొంగ ఈమేనని వీడియో తీశాడు. మేడ్చల్ నుంచి సుచిత్ర దాకా కార్లున్నవాళ్ల గ్రూపులన్నిటికీ పంపాడు. స్టేషన్‌కు వచ్చింది ఆ తర్వాతే.

మర్నాడు ఉదయం పది గంటలకు ఇన్‌స్పెక్టర్ పరమేశ్ ఆ షెడ్డు ముందు జీపు దిగాడు.

రెండు గోడౌన్ల మధ్య ఇరుకు షెడ్డు. మూడు కుట్టుమిషన్లు. షట్టర్ సగం దించి ఉంది. సాయంత్రంలోగా ఖాళీ చేయమని షెడ్డు ఓనర్ చెప్పి పోయాడట. ఒక కస్టమర్ సగం కుట్టిన సీటు కవర్లు వెనక్కి తీసుకుపోతున్నాడు. స్రవంతి అతన్ని ఆపింది. కవర్ అంచున వేలాడుతున్న దారాన్ని ముడివేసి, కత్తిరించి, మడతపెట్టి ఇచ్చింది. అతను ఆమె ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

పరమేశ్ ఆ ముడిని గమనించాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కారు మీ దగ్గర ఎన్నాళ్లుంది?"

"రెండు రాత్రులు సార్."

"సీట్లు బయటికి తీశారా?"

"తియ్యలే. మెత్తలొక్కటే తీసిన. గవి వెల్క్రోతోని అతికి ఉంటయి. అంచులు నడుముకు ఒత్తుతున్నయని కుర్మయ్య సారు అన్నడట. స్పాంజి పల్సగ జేసి మళ్ల కుట్టిన. పెంకు బోల్టు ముట్టలే."

"ఎవరు చెప్పారు, ఒత్తుతున్నాయని?"

"బండి తెచ్చినాయిన. సారు బామ్మర్ది, సాయినాథ్."

"మీ కెమెరా?"

"రోడ్డు దిక్కుంది. లోపల లేదు."

"మెత్తలు తీసినప్పుడు అవి నకిలీ అని తెలియలేదా?"

స్రవంతి సూటిగా చూసింది. "అసల్ది ఎన్నడన్న సూసి ఉంటే గదా సార్, నకల్దని తెల్సేది. గసుంటి సీటు ఈ రోడ్డు మీద ఇంకోటి సూపియ్యుండ్రి."

కుర్మయ్య నిన్న సాయంత్రం ఒక రాజీ కాగితం పంపినట్టు పరమేశ్ విన్నాడు. తప్పు తన షెడ్డులోనే జరిగిందని ఒప్పుకుని, షెడ్డు మూసేస్తే కేసుండదు. సంతకం పెడితే చాలు.

"ఆ కాగితం ఏదమ్మా?"

ఆమె మిషన్ పక్కనుంచి ఒక ముక్క తీసి చూపింది. చాక్‌పీసు గీతలతో, హెడ్‌రెస్ట్ కవర్ ఆకారంలో కత్తిరించి ఉంది.

"మందంగ మంచిగుంది సార్. కొలతకు పనికొచ్చింది."

పరమేశ్‌కు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"జైలుకు పంపినా సరే సార్" అంది ఆమె. "నేను తియ్యలే. తీసిన అని నా నోటితోని ఎవ్వలు అనిపియ్యలేరు. ఇయ్యాల సంతకం పెడితే రేపు నా మిషన్ ముందట ఎవలు బండి ఆపుతరు? ఇద్దరు ఆడోళ్లకు పని నేర్పిన. వాళ్లను గూడ దొంగలే అంటరు."

జీపులో కూర్చుని పరమేశ్ షోరూంకు ఫోన్ చేశాడు. మేనేజర్ మాట స్పష్టంగా ఉంది. ఆ బకెట్ సీట్లు విడిగా అమ్మరు. కారు బుక్ చేసేటప్పుడే అడగాలి. ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించి పంపుతారు. ఈసారి హైదరాబాద్‌కు వచ్చింది ఒకే ఒక్క కారు. వద్దంటే వరసలో తర్వాతివాళ్లకు పోయేది. డెలివరీ రోజు కంప్యూటర్ స్కాన్‌లో రెండు సీట్ల ఎయిర్‌బ్యాగులూ కనిపించాయి.

అంటే షోరూం నుంచి బయటికి వచ్చినవి అసలు సీట్లే.

షోరూంకూ స్రవంతి షెడ్డుకూ మధ్య కారు ఎక్కడుంది? ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు.

కుర్మయ్యను సర్వీస్ సెంటర్‌కే పిలిపించాడు. వెంట సాయినాథ్ కూడా వచ్చాడు. ముప్పై దాటని మనిషి. రేసింగ్ సర్క్యూట్‌ల పేర్లున్న టీ షర్టు. కండ్లకోయ గ్యారేజీలో సొంత రేసు కారు కూడా ఉందట.

"కారు ఎప్పుడొచ్చింది?"

"ఆషాఢంల."

"ఆషాఢంలో తీసుకున్నారా?"

కుర్మయ్య ఇబ్బందిగా కదిలాడు. "నాక్కూడ ఇష్టం లేకుండె సార్. కాదంటే గీ సీట్లున్న బండి మళ్ల ఎప్పుడొస్తదో తెల్వదన్నరు. అందుకే తీస్కున్న. ఇంటికైతే తేలే. శామీర్‌పేట ఫాంహౌస్‌ల కవర్ కప్పి పెట్టిచ్చిన. శ్రావణ శుక్రవారం గుడిల పూజ అయినంకనే ఎక్కిన."

"అప్పటిదాకా ఎవరూ దాన్ని తీయలేదా?"

"పూజ కాని బండిని ఎవలు ముడుతరు సార్?"

"తాళం?"

"మా సాయినాథ్ తాన."

సాయినాథ్ వెంటనే అందుకున్నాడు. "పూజ నాడు బావనే నడిపిండు గదా సార్. సీట్లు మారి ఉంటే బావకు తెల్వదా?"

"తెల్వకేం?" అన్నాడు కుర్మయ్య, ఛాతీ ముందుకు తెచ్చి. "కూసుంటనే తెలుస్తది."

తెలియదని ఆ మనిషి ఎప్పటికీ ఒప్పుకోడు. సాయినాథ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. పరమేశ్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

"షెడ్డు నుంచి కారు ఇంటికి వెళ్లిందా?"

"లేదు సార్. నేనే సీదా ఇక్కడికి తెచ్చిన" అన్నాడు సాయినాథ్. "ఒకసారి చెక్ చేయిస్తే మంచిదని నేనే బావకు చెప్పిన."

వాళ్లు వెళ్లాక పరమేశ్ విప్పిన డ్రైవర్ సీటును పక్కకు తిప్పి టార్చ్ వేశాడు. పెంకు వెనుక, బాగా కిందుగా, బొటనవేలంత మచ్చ. పసుపు రంగు. మధ్యలో ఎర్రటి చుక్క. మెకానిక్ గుడ్డ తీసి తుడవబోయాడు.

"ముట్టుకోవద్దు" అన్నాడు పరమేశ్. ఫోటో తీశాడు. మచ్చ గురించి ఎవరికీ చెప్పొద్దని మెకానిక్‌కు గట్టిగా చెప్పాడు.

మధ్యాహ్నం సుచిత్రలో కుర్మయ్య ఇంటికి ఒక్కడే పోయాడు. కుర్మయ్య భార్య దుర్గాబాయి తలుపు తీసింది. ఎండన పడి వచ్చిన మనిషిని ముందు ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

"సల్ల తాగుండ్రి సార్. గాయిన లేడు."

మజ్జిగలో కరివేపాకు, అల్లం. పరమేశ్ గ్లాసు ఖాళీ చేసి, మచ్చ మాట ఎత్తకుండా, పూజ నాటి సంగతులు అడిగాడు. ఆమె సంతోషంగా చెప్పింది. చక్రాల కింద నిమ్మకాయలు. బానెట్ మీద పసుపు కుంకుమ. కొబ్బరికాయ.

"లోపల బొట్టు ఎక్కడ పెట్టారు?"

ఆమె గొంతు తగ్గింది. "లోపల పెట్టనియ్యలే సార్. గంత ఖరీదు బండి, మరక పడ్తదని గుడి ముందటనే కసురుకున్నడు."

"అయితే పెట్టలేదు."

"పెట్టిన." ఆమె తలుపు వైపు ఒకసారి చూసింది. "ఆయిన కొబ్బరికాయ కొట్టెటప్పుడు డోర్ తీసే ఉండె. చెయ్యి దూర్చి ఆయిన సీటెన్క కిందికి పెట్టిన. ఎవ్వలకు కనవడది. గంత స్పీడు పోయే బండి, బొట్టు లేకుంట ఎట్ల పంపుత? ఆయినకు చెప్పకుండ్రి."

పరమేశ్ లేచాడు. మంచి మాట చెప్పారని మాత్రం అన్నాడు. మెట్లు దిగుతూ కానిస్టేబుల్ ఎల్లేష్‌కు ఫోన్ చేసి, సాయినాథ్ తన రేసు కారు పెట్టుకునే కండ్లకోయ గ్యారేజీకి పొమ్మన్నాడు.

సాయంత్రం నాలుగు గంటలకు అందరినీ స్రవంతి షెడ్డుకు రప్పించాడు. స్రవంతి మిషన్ ముందు నుంచి లేవలేదు. కుర్మయ్య, దుర్గాబాయి, సాయినాథ్ ఎదురుగా నిలబడ్డారు. నకిలీ సీటు మధ్యలో నేల మీద ఉంది.

పరమేశ్ దాన్ని వెనక్కి తిప్పాడు.

"ఈ మచ్చ చూడండి. మెకానిక్ మురికి అనుకుని తుడవబోయాడు. ఇది పసుపూ కుంకుమా. అమ్మా, గుడిలో మీరు పెట్టిన బొట్టు ఇదేనా?"

కుర్మయ్య భార్య వైపు తిరిగాడు. ఆమె భయపడలేదు. వంగి చూసి, తల ఊపింది.

"నేను వద్దన్న గదా?" అన్నాడు కుర్మయ్య.

"వద్దన్నవు. పెట్టిన."

"కుర్మయ్య గారూ, ఒక్కటి ఆలోచించండి" అన్నాడు పరమేశ్. "బొట్టు పెట్టింది శ్రావణ శుక్రవారం. కారు ఈ షెడ్డుకు వచ్చింది ఆ తర్వాత. బొట్టేమో నకిలీ సీటు మీద ఉంది. అంటే పూజ నాటికే కారులో ఉన్నవి నకిలీ సీట్లు. స్రవంతి ఈ కారును కళ్లతో చూడకముందే అసలువి పోయాయి."

మిషన్ల దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్లూ చేతుల్లో పని ఆపేశారు.

"షోరూం నుంచి అసలువి వచ్చాయి. గుడికి ఎయిర్‌బ్యాగులు లేని నకిలీవి వచ్చాయి. మధ్యలో కారు శామీర్‌పేటలో కవర్ కింద ఉంది. ఆషాఢం గనక మీ ఇంట్లో ఎవరూ దాని దరిదాపుల్లోకి పోలేదు. అంత మంచి అదను ఎవరికీ దొరకదు. తాళం మాత్రం ఒకరి దగ్గర ఉంది. కానీ మొదటి సర్వీసులో సంగతి ఎలాగూ బయటపడుతుంది. అప్పుడు వేలు చూపడానికి మధ్యలో ఇంకొకరు కావాలి. అందుకే కారును ఈ షెడ్డుకు తెచ్చారు. తర్వాత చెక్ చేయించమన్నదీ ఆయనే."

సాయినాథ్ నవ్వబోయాడు. "అక్క ఇంకెప్పుడన్న పెట్టి ఉంటది సార్."

"ఎప్పుడు? షెడ్డు నుంచి కారును సీదా సర్వీస్ సెంటర్‌కు తెచ్చానని మీరే చెప్పారు. మీ అక్క ఆ తర్వాత దాన్ని చూడనే లేదు."

సాయినాథ్ అక్క వైపు తిరిగాడు. గొంతు మారింది. "అక్కా, మంచిగ యాది చేస్కో. గుడిల నువ్వు బయటనే పెట్టినవు. లోపల పెట్టలే. పెట్టలే అని చెప్పు."

కుర్మయ్య కూడా సర్దుకున్నాడు. "సార్, ఇంట్ల ముచ్చట ఇంట్లనే సూస్కుంటం."

దుర్గాబాయికి అప్పుడే పూర్తిగా అర్థమైనట్టుంది. తల్లి పోయాక తానే అన్నం తినిపించి పెంచిన తమ్ముడు. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే చాలు. ఆమె అతన్ని కాదు, మిషన్ ముందు కూర్చున్న స్రవంతిని చూసింది. తర్వాత పరమేశ్‌ను అడిగింది.

"సార్, ఎయిర్‌బ్యాగ్ లేదంటున్నరు. అదేంది?"

"పక్కనుంచి బండి గుద్దితే సంచిలా ఉబ్బి మనిషిని కాపాడేదమ్మా."

"రెండు సీట్లవి పీకిండా?"

"రెండూ."

"నేను కూసునేది గూడ?"

సాయినాథ్ తల దించుకున్నాడు.

"గుడిలనే పెట్టిన సార్" అంది దుర్గాబాయి. "లోపల, సీటెన్క. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్త. కోర్టుల గూడ చెప్త."

ఫోన్ మోగింది. ఎల్లేష్. కండ్లకోయ గ్యారేజీలో సాయినాథ్ పాత రేసు కారు దొరికింది. అదే కంపెనీది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అందులో బిగించి ఉన్న రెండు సీట్లనూ విప్పించి, ఎల్లేష్ ఒక్కోదాన్ని ఒక్క చేత్తో లేపి చూశాడట.

సాయినాథ్ నేల వైపు చూస్తూనే చెప్పాడు. "విడిగ అమ్మరు అక్కా. బెంగుళూరు, బొంబాయి, అంతట అడిగిన. గా సీట్లుంటే రేసుల నా టైం తగ్గుతది. బావ గా బండిని రింగ్ రోడ్డు మీదికి గూడ తియ్యడు. ఆయినకెందుకు గా సీట్లు?"

"ఆమె ఏం చేసింది నీకు?" అని అడిగింది దుర్గాబాయి, స్రవంతిని చూపిస్తూ.

ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని జీపు ఎక్కించారు.

కుర్మయ్య చెమట తుడుచుకున్నాడు. సీట్లు ఎప్పుడిస్తారని అడిగాడు. కేసు తేలేదాకా అవి కోర్టు స్వాధీనంలో ఉంటాయని పరమేశ్ చెప్పాడు.

"మరి నా బండికి?"

"విడిగా అమ్మరట కదండీ."

కుర్మయ్య స్రవంతి వైపు తిరిగాడు. కంప్లైంట్ వాపసు తీసుకుంటానన్నాడు. షెడ్డు ఓనర్‌తో తనే మాట్లాడతానన్నాడు. ఆ వీడియో కూడా తీసేయిస్తాడట. ఇక వదిలేయమన్నాడు.

"తీసేసుడు కాదు సార్" అంది స్రవంతి. లేచి షట్టర్‌ను రెండు చేతులతో పైదాకా తోసింది. వెలుతురు లోపలిదాకా వచ్చింది. "నన్ను దొంగ అన్న గడపల నిలవడి, దొంగ గాదని చెప్పుండ్రి. అన్ని గ్రూపులకు పంపుండ్రి. అది అయినంకనే మిగతా మాట."

కుర్మయ్య ఇన్‌స్పెక్టర్‌ను చూశాడు. పరమేశ్ గోడకున్న దారపు ఉండలను చూస్తున్నాడు. కుర్మయ్య నిట్టూర్చి, స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"కూసోకు" అంది దుర్గాబాయి. "గా రోజు నిలవడే అన్నవు. నిలవడే చెప్పు."

ఆమే అతని జేబులోంచి ఫోన్ తీసి ఎదురుగా పట్టుకుంది. కుర్మయ్య గడపలో నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. సీట్ల విషయంలో పొరపాటు పడ్డాననీ, ఇక్కడ పనిచేసే ఆమె తప్పేమీ లేదనీ గబగబా చెప్పి ముగించాడు.

స్రవంతి ఫోన్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా విన్నది. తిరిగి దుర్గాబాయి చేతికిచ్చింది.

"పేరు మింగిండు అమ్మా. మళ్ల తియ్యుండ్రి."

దుర్గాబాయి ఫోన్ మళ్లీ పైకెత్తింది.

"స్రవంతి" అన్నాడు కుర్మయ్య. రోడ్డు మీద పోయే ఇద్దరు ఆగి చూశారు. "స్రవంతి దొంగ గాదు."