వాగు దాటే వంతు

మా ఊరు ఎరేదియాలో సెప్టెంబరు వచ్చిందంటే మధ్యాహ్నం రెండింటికల్లా వాన మొదలవుతుంది. సెలవులకి వచ్చే విదేశీయులకి నచ్చాలని హోటళ్ళవాళ్ళు దీనికి పచ్చని కాలం అని పేరు పెట్టారు. మేం మాత్రం వానాకాలమనే అంటాం. నలభై ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి, పేర్ల దగ్గర నాకు కాస్త పట్టింపు. ఆ సంగతి అలా ఉంచండి.

ఆ రోజు వంటింటి బల్ల మీద ఆటుపోట్ల పట్టిక పరుచుకుని కూర్చున్నాను. దక్షిణం నుంచి పెద్ద అలలు వచ్చేది ఈ నెలల్లోనే, జనం రానిదీ ఈ నెలల్లోనే. పొద్దున ఎండలో అలలు, మధ్యాహ్నం వానలో నిద్ర. యాభై ఎనిమిదో ఏట నన్ను సర్ఫింగ్ పలక మీద పడుకోబెట్టి సముద్రంలోకి తోసింది మా అమ్మాయి యోర్లెని. అది మొదలు ఏటా ఒక వారం, ఇద్దరమే. ఈ ఏడు ఒక్కణ్ణే.

నా స్నేహితుడు నౌతీలియో వేడి బెల్లం నీళ్ళు తాగుతూ నా మోకాలి వంక చూశాడు. డెబ్బై ఒకటో ఏట అలలెక్కే మొహమేనా అద్దంలో చూసుకోమన్నాడు. పలక బదులు మంచం కట్టుకుపొమ్మన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నువ్వు వెళ్ళేది అలల కోసం కాదు కదయ్యా."

నేను పట్టికలో ఒక గడి చుట్టూ పెన్సిలుతో గీశాను. శనివారం, నాలుగింటికి ఆటు.

ఆటు ఎందుకంటే, ఆ తీరం చేరాలంటే చివర్లో వంతెన లేని వాగొకటి దాటాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దాటాలి. వానాకాలంలో ఒకరు కర్ర పట్టుకుని లోతు చూస్తూ ముందు నడుస్తారు, వాళ్ళ అడుగుల వెంట జీపు వెళుతుంది. మేమిద్దరం ఒక్కో ఏడు ఒక్కొక్కరం నడిచేవాళ్ళం. అమ్మాయి పొట్టిది, జీపు తోలే వంతు వస్తే సీటు ముందుకి జరుపుకునేది. పోయినేడు వంతు నాది. మోకాలు వాచిందంటే అమ్మాయి దిగింది. పట్టిక చూశాను, నీలంగా ఉన్న ఆకాశం చూశాను, నడు అన్నాను. పైన కొండల్లో వాన పడుతోందేమో మాత్రం ఎవర్నీ అడగలేదు. ఎంతమంది పిల్లలకో అదే పాఠం చెప్పిన మనిషిని... అడగలేదు. కొండల మీంచి ఒక్కసారిగా దిగే వరదని మావాళ్ళు నీళ్ళతల అంటారు. నా జీపు చక్రాలు తడిసేలోపే అంతా అయిపోయింది. అమ్మాయి మూడో రోజున దొరికింది.

శనివారం నాలుగింటికి ఆ వాగు ఒడ్డునే జీపు ఆపాను. అవతలి ఒడ్డున గదులు అద్దెకిచ్చే ఎర్సీలియా పొద్దున ఫోనులోనే హెచ్చరించింది, ఒంటరిగా దాటొద్దు, ఎవరైనా తోడు దొరికేదాకా ఆగమని. ఆగాను. మబ్బు దిగి, పొద్దు గుంకకముందే చీకటి కమ్మింది. కుళ్ళిన ఆకుల వాసన. అంతవరకూ చెట్లలో అరుస్తున్న కోతులు ఒక్కసారిగా ఊరుకున్నాయి. జీపు కప్పు మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

లైట్లు వేశాను.

నీళ్ళలో ఎవరో ఉన్నారు.

వీపు నావైపు. చేతిలో కర్ర. మోకాలి లోతులో, ముందు అడుగు ఆనించి, బరువు వేసి, తర్వాతే రెండో అడుగు... ఆ నడక నేను నేర్పిందే.

వాగు మధ్యకి వెళ్ళి ఆగింది. తిరగలేదు. నాకు భయం వేయలేదని చెప్పను. అయినా అద్దం దించాను.

"చాలమ్మా," అన్నాను. "వచ్చెయ్యి."

జవాబు వాగులోంచి రాలేదు. నా చెవి పక్కనుంచి వచ్చింది. గుసగుసగా.

"ఈసారి వంతు ఎవరిది నాన్నా?"

జీపు నిండా తడి మట్టి వాసన. తల తిప్పలేకపోయాను.

"నాదే తల్లీ. పోయినేడూ నాదే."

ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట. నౌతీలియోకి కూడా.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో తెలీదు. పైనుంచి ఉరుములాంటి చప్పుడు... మొద్దులు... ఎర్రటి నీళ్ళు... గోడలా లైట్ల ముందు నుంచి వెళ్ళిపోయాయి. వాగులో ఎవరూ లేరు.

ఫోను మోగింది. ఎర్సీలియా. మంచి కోపం మీద ఉంది. చెప్తే వినే అలవాటు మాస్టర్లకి ఎటూ ఉండదు, సరే, గట్టెక్కారు కదా, మరి ఇంట్లోకి రాకుండా తీరం వైపు ఎక్కడికి పోయారు, పెట్టిన కాఫీ చల్లారిపోతోంది అంది.

"నేను దాటలేదు ఎర్సీలియా. ఇవతలే ఉన్నాను."



"నా కళ్ళతో చూశాను మాస్టారూ," అంది మెల్లగా. "ముందు మీరు నడిచారు, ఛాతీ లోతులో. వెనక జీపు తోలింది ఎవరో... మీరే చెప్పాలి."

ఫోను పెట్టేశాను. జీపు వెనక్కి తిప్పుకుని పోదామని తాళంచెవి కోసం చెయ్యి చాచాను. దొరకలేదు. స్టీరింగూ తగల్లేదు. నేను కూర్చున్నది పక్క సీట్లో. నా ఎడమవైపు, నేను ఎప్పుడూ కూర్చుని నడిపే సీటు, పొట్టి మనిషి కాళ్ళకి అందేలా బాగా ముందుకి జరిపి ఉంది.