గాలి లేని రాత్రి గేటు చప్పుడు

ఓక్లహోమా పడమటి కొసన కాల్డర్ అని ఓ చిన్న ఊరు. ఊరికి ఆరు మైళ్ళ అవతల, గోధుమ పొలాల మధ్య, పొగరుబోతు గుర్రాల మీద స్వారీ పోటీలు జరిగిన పాత రోడియో అరీనా ఒకటుంది. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ఎవరూ కారు ఆపరు.

ఎందుకాపరో ఊళ్ళో అందరికీ తెలుసు. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఎక్కడినుంచో పోటీకి వచ్చిన రౌతు ఒకడు, గుర్రాన్ని మైదానంలోకి వదిలే గేటు ఇంకా తెరవకముందే, దాని వెనకున్న ఇరుకు దొడ్డిలో గుర్రం కింద పడిపోయాడు. లోపల్నుంచి ఇనప గేటుని కాలితో తన్నుతూనే ఉన్నాడట... బయట జనం కేకల్లో ఎవరికీ వినపడలేదు, అక్కడే పోయాడు. అప్పట్నుంచీ రాత్రిళ్ళు ఆ గేటు మోగుతుందని చెబుతారు.

మూడు దెబ్బలు. కాసేపు ఏమీ ఉండదు — మళ్ళీ మూడు.

ఈ సంగతి వసుమతికి చెప్పింది డెల్బర్ట్ స్ట్రౌడ్.

వసుమతి గుంటూరులో డాక్టరీ చదివి, చికాగోలో ట్రైనింగ్ ముగించుకుని, డెబ్బై ఎనిమిదిలో కాల్డర్ ఆస్పత్రిలో చేరింది. ఆ మారుమూలకి ఇంకెవరూ రామన్నారు కాబట్టి ఆ ఉద్యోగం ఆవిడకి వచ్చింది. భర్త భీమశంకర్‌కి నలభై మైళ్ళ దూరంలో కాలేజీలో లెక్కల పాఠాలు. వచ్చిన మొదటి రెండు నెలలూ ఆవిడ గదిలోకి ఒక్క పేషెంటు రాలేదు. తలుపు దగ్గరికి వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, "పెద్ద డాక్టరు వచ్చే రోజున వస్తాంలెండి" అని వెనక్కి తిరిగిపోయేవాళ్ళు.

ఓ రోజు యాభై దాటిన రైతు ఒకాయన వచ్చాడు. ఎడమ ముంజేయి వాచిపోయి ఉంది. టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నర్సు, "పెద్ద డాక్టరు గురువారం వస్తారు, మిస్టర్ స్ట్రౌడ్" అంది.

"గురువారం నేను విత్తనం వేసుకోవాలి" అన్నాడాయన, వెయిటింగ్ రూము అంతటికీ వినపడేలా. "ఈ చేతిని ఇప్పటికి నాలుగు గుర్రాలు విరగ్గొట్టాయి. ఈవిడ కొత్తగా ఏం పాడు చేస్తుంది?"

అంతే. మర్నాటి నుంచి ఒకరొకరే రావడం మొదలెట్టారు.

ఆ రోజు చేతికి వేసిన పిండికట్టు ఆరేదాకా ఆయన కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఆ అరీనా ఆయన పొలం పక్కనే. పోటీలు ఆగిపోయి చాలా ఏళ్ళయినా, పాత గుర్రాలు నాలుగింటిని అక్కడే పెట్టుకుని మేపుతున్నాడు. దెయ్యం సంగతి కూడా అప్పుడే చెప్పాడు.

"మీకు భయం వెయ్యదా?" అంది వసుమతి.

"గాలికి మోగుతుంది, డాక్ వాసూ. ఈ దేశంలో గాలెప్పుడు ఆగింది గనక." ఆవిడ పేరు ఆయన నోట అలాగే పలికేది.

ఆ తర్వాత అయిదేళ్ళూ ఆయన ఆవిడ పేషెంటే. మెడ, నడుము, మోకాలు... ఒళ్ళంతా అతుకులే. ఎనభై మూడు ఏప్రిల్‌లో గుండె కొట్టుకునే తీరు నచ్చక, పెద్ద ఊరికి వెళ్ళి పరీక్ష చేయించుకోమని చెప్పింది. కోతలు కానిచ్చి వెళ్తానన్నాడు.

జూన్‌లో కోతలు మొదలయ్యాయి. కంబైన్లు, ఆ పెద్ద కోత యంత్రాలు, రాత్రి పన్నెండు దాకా తిరుగుతున్నాయి.

ఆ రాత్రి వసుమతి, అరీనా దాటాక ఆ రోడ్డు మీదే ఉన్న తన ఇంటికి బయలుదేరేసరికి ఒంటిగంటన్నర. అప్పటికి ముప్పై గంటలుగా ఆవిడ నడుం వాల్చలేదు. రెండు కాన్పులు, మధ్యలో హైవే మీద యాక్సిడెంటు. స్టీరింగు పట్టుకున్న చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. నిద్ర పట్టేస్తుందేమోనని కారు అద్దాలు దించేసింది.

గాలి లేదు.

అయిదేళ్ళలో అలాంటి రాత్రి ఎరగదు ఆవిడ. కోసిన పొలాల మీద దుమ్ము లేచిన చోటే వేలాడుతోంది. ఒక్క ఆకు కదలడం లేదు.

అరీనా దగ్గరికి వస్తుండగా చెక్కల సందుల్లోంచి వెలుతురు కనిపించింది. పసుప్పచ్చగా... నీరసంగా... ఆరిపోవడానికి సిద్ధంగా ఉన్న దీపంలా.

కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది.

ధణ్.

వసుమతి కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

ధణ్... ధణ్.

ఇనుము మీద ఏదో బరువుగా తగులుతున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. కీచురాళ్ళు కూడా అరవడం లేదు. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు పది అంకెలు లోపల లెక్కపెట్టుకుంది —

ధణ్... ధణ్...

మూడోది వినకుండానే యాక్సిలరేటర్ తొక్కింది. భయంతోనా, అలసటతోనా అంటే ఆవిడ ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. ఇంటికి వెళ్ళి పడుకోవాలి... ఆ క్షణాన మనసులో ఉన్నది ఆ ఒక్క మాటే.

తలుపు తీసిన భీమశంకర్ ఆవిడ మొహం చూసి, "ఏమైంది వసూ?" అన్నాడు.

"అరీనా దగ్గర గేటు మోగిందండీ."

"గాలి అయ్యుంటుంది. అన్నం తింటావా?"

"గాలి లేదండీ" అంది ఆవిడ, మంచం మీద వాలిపోతూ. చెప్పులు కూడా తీయలేదు.

పదకొండింటికి ఫోను మోగితే మెలకువ వచ్చింది. ఆస్పత్రి నుంచి నర్సు.

"డెల్బర్ట్ స్ట్రౌడ్ పోయాడు, డాక్టర్. గుండె. పొద్దున్న తీసుకొచ్చారు, అప్పటికే... మీరు రాత్రంతా పనిచేశారట, లేపొద్దని ఇమోజీన్ చెప్పింది."

ఇమోజీన్ ఆయన భార్య. ఆ స్థితిలో కూడా తన నిద్ర గురించి ఆలోచించినందుకు వసుమతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎక్కడ పోయాడని అడగలేదు. కోతల రోజులు కదా, పొలంలోనే అనుకుంది.

నాలుగో రోజున చర్చి హాల్లో అందరూ చేరి ఆయన్ని తలుచుకున్నారు. వసుమతి వెనక వరసలో కూర్చుంది. ముందుగా రాస్కో అని ముసలాయన లేచాడు. డెల్బర్ట్‌తో కలిసి పాతికేళ్ళు రోడియోలు తిరిగినవాడు.

డెల్బర్ట్ పదిహేడో ఏట మొదటిసారి పొగరుబోతు గుర్రం ఎక్కి, రెండు సెకన్లలో కిందపడి, పళ్ళు రెండు ఊడగొట్టుకుని నవ్వుతూ లేచాడని చెప్పాడు. శనివారం రాత్రి ఎంత దూరంలో పోటీ ఉన్నా, ఆదివారం తెల్లవారేసరికి ఆవుల పాలు పితకడానికి ఇంట్లో ఉండేవాడు. దారంతా తనే డ్రైవ్ చేసేవాడు. ఓసారి పక్కటెముకలు మూడు విరిగినా అలాగే నడిపాడు. కరువు ఏడాది పక్కవాళ్ళ పశువులకి తన గడ్డి వేసి, తన గుర్రాలని సగం మేతతో నెట్టుకొచ్చాడు. నలభై ఆరో ఏట, ఇక ఒళ్ళు వంగనని మొరాయిస్తే, జీను గోడకి తగిలించి, "చాలు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

"పోయింది కూడా అలాగే పోయాడు" అన్నాడు రాస్కో. "కోత అవగొట్టి, గుర్రాలకి నీళ్ళు పెట్టడానికి అరీనాకి వెళ్ళాడు. పొద్దున్న నేనే చూశాను. పికప్ ట్రక్కు లైట్లు వెలిగి వెలిగి బ్యాటరీ చచ్చిపోయింది. ఆ దొడ్డి గేటు దాకా పాక్కుంటూ వచ్చాడు... లేవలేక, బూటు మడమతో దాన్ని తన్నాడు. అక్కడ రంగంతా లేచిపోయి ఉంది. చిట్టచివరిదాకా తన్నుతూనే ఉన్నాడు మనవాడు."

హాల్లో కొందరు తడి కళ్ళతోనే చిన్నగా నవ్వారు.

పక్కనున్నవాళ్ళు ఏదో అడుగుతున్నారు... వసుమతికి వినపడడం లేదు.

రెండు రోజులు భర్తకి కూడా చెప్పలేదు. మూడో రోజు సాయంత్రం ఇమోజీన్ ఇంటికి వెళ్ళింది.

ఇమోజీన్ వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. ఊరివాళ్ళు తలా ఒక వంటకం తెచ్చిచ్చిన గిన్నెలు. ఎవరిది వాళ్ళకి వెళ్ళాలని, అడుగున టేపు మీద పేర్లు రాసి ఉన్నాయి.

"కూర్చో, హనీ. కాఫీ ఉంది."

వసుమతి కూర్చోలేదు. "ఆ రాత్రి నేను అటే వచ్చాను" అంది. "లైటు చూశాను. గేటు చప్పుడు విన్నాను. దిగి చూడలేదు."

ఇమోజీన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఎన్నింటికి?"

"రెండుకి పది నిమిషాలుంది."

"అప్పటికి బతికే ఉన్నాడన్నమాట."

"అవును. దిగి ఉంటే బతికించగలిగేదాన్నో లేదో తెలీదు... ఒంటరిగా మాత్రం పోయేవాడు కాదు." వసుమతి గిన్నెల వంక చూసింది. "ఈ ఊళ్ళో నన్ను మొదట నమ్మింది ఆయనే."

ఇమోజీన్ గిన్నె కింద పెట్టి, గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. వసుమతి వైపు తిరిగి అంది, నెమ్మదిగా —

"నేనూ విన్నాను."

వసుమతి తలెత్తింది.

"అరీనా అర మైలే కదా. ఉక్కపోతకి కిటికీ తెరిచి పడుకున్నాను. పన్నెండున్నర నుంచీ మోగుతూనే ఉంది. రోజంతా కంబైన్ల మీద పనివాళ్ళకి అన్నం మోసీ మోసీ ఒళ్ళు హూనమై ఉన్నాను. ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడే కదా అనుకున్నాను... లేచి, కిటికీ మూసేశాను."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. బయట పొద్దు వాలిపోయింది. వంటింట్లో లైటు వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

అప్పుడు —

ధణ్.

పొలం అవతల్నుంచి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ధణ్... ధణ్.

"పద" అంది ఇమోజీన్.

వసుమతి కారు నడిపింది. హెడ్‌లైట్లు వెలుగుతుండగానే దిగి, ఎండుగడ్డి తొక్కుకుంటూ లోపలికి నడిచారు. గుర్రాలు నాలుగూ మూలకి చేరి, చెవులు నిక్కబొడుచుకుని గేటు వంకే చూస్తున్నాయి.

గేటుకి లావుపాటి గొలుసు మూడు చుట్లు చుట్టి, తాళం వేసి ఉంది.

"చర్చి నుంచి వస్తూ, ఇక మోగకూడదని రాస్కో బిగించాడు" అంది ఇమోజీన్. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపింది. వేలెడంత కూడా కదలలేదు.

వసుమతి దగ్గరికి వెళ్ళి, రంగు లేచిపోయిన చోట మోకాళ్ళ మీద కూర్చుంది. ఇమోజీన్ కూడా మోకాళ్ళు నొప్పి పెడుతున్నా మెల్లగా వంగి, పక్కనే చతికిలబడింది. ఆ ఇనుము మీద చెయ్యి వేసింది.

"వచ్చాంలే, డెల్బర్ట్" అంది.